ముక్తార్‌నామా నుంచి జీపీఏ దాకా

నిజాం కాలంలో కచేరీ కాగితాలు ఉర్దూలో నడిచేవి. తన తరఫున పని చక్కబెట్టే అధికారాన్ని ఇంకొకరికి రాసిచ్చే పత్రం ముక్తార్‌నామా. అన్ని వ్యవహారాలకూ ఇస్తే ఆమ్ ముక్తార్‌నామా, ఫలానా పని వరకే అయితే ఖాస్ ముక్తార్‌నామా. నేటి జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ), స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీల తేడా కూడా ఇదే.

బ్రిటిష్ ఇండియాలో దీనికి పునాది 1872 నాటి కాంట్రాక్టు చట్టం. ఆ తర్వాత 1882లో పవర్స్ ఆఫ్ అటార్నీ చట్టం వచ్చింది. అధికారం పొందినవాడు తన పేరుతోనే సంతకం చేసినా, అది యజమాని చేసినట్టే చెల్లుతుందని ఆ చిన్న చట్టం తేల్చింది. 1948లో హైదరాబాద్ భారత్‌లో కలిశాక దేశమంతటి చట్టాలే ఇక్కడికీ వచ్చాయి.

నిజామాబాద్ జిల్లాలో ఈ కాగితానికి గిరాకీ పెంచింది వలస. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లతో, 1937లో బోధన్‌లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీతో ఇక్కడి చెరకు భూములకు విలువ వచ్చింది. 1970ల నుంచి ఊళ్లకు ఊళ్లు గల్ఫ్ బాట పట్టాయి. 2015లో ఫ్యాక్టరీ కూడా మూతపడింది. మనిషి దుబాయిలో, మస్కట్‌లో ఉంటే, ఇక్కడి పొలం పని, ప్లాటు పని భార్యో తమ్ముడో చూడాలి. అందుకే జీపీఏ.

మన తరఫు మనిషి దస్తావేజును రిజిస్ట్రేషన్‌కు సమర్పించాలంటే, 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఆ అధికారపత్రంపై మనం నివసించే చోటి సబ్‌రిజిస్ట్రార్ ఎదుటే సంతకం పెట్టాలి. ఆయన దాన్ని ధ్రువీకరించాలి. మంచం పట్టిన వాళ్లు ఆఫీసుకు రానక్కర్లేదు, అధికారే ఇంటికి రావచ్చు. విదేశంలో ఉంటే అక్కడి భారత కాన్సులేట్‌లోనో, నోటరీ ముందో సంతకం చేయాలి. ఆ కాగితం మన దేశానికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టాలి. ఈ గడువును ఏమరుపాటున దాటనివ్వొద్దు.

అమ్మకం రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పించుకోవడానికి జీపీఏ రాసిచ్చి డబ్బు తీసుకునే అలవాటు దేశమంతా పాకింది. సూరజ్ ల్యాంప్ కేసులో 2011 అక్టోబరు 11న సుప్రీంకోర్టు దీనికి అడ్డుకట్ట వేసింది. జీపీఏతో భూమి యాజమాన్యం మారదనీ, రిజిస్టరైన సేల్ డీడే కావాలనీ చెప్పింది. అదే తీర్పు, భార్యకో కొడుకుకో తోబుట్టువుకో తన వ్యవహారాలు చూడమని నిజాయితీగా ఇచ్చే అధికారానికి ఢోకా లేదనీ స్పష్టం చేసింది. గల్ఫ్ కుటుంబాలకు ఇది కొండంత ధైర్యం.

ఇచ్చిన మనిషి చనిపోతే మామూలు జీపీఏ కూడా అంతటితో ముగుస్తుంది. బతికుండగా ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు, అయితే ఆ సంగతి ఏజెంటుకూ, అతనితో లావాదేవీలు చేసేవాళ్లకూ తెలియజేయాలి. ఏజెంటుకే ఆ ఆస్తిలో హక్కు ఉన్నప్పుడు మాత్రం రద్దు అంత తేలిక కాదు.

సంతకానికి ముందు మొత్తం కాగితాన్ని తెలుగులో చదివించుకొని వినాలి. సర్వే నంబరు, హద్దులు, గడువు రాయించాలి. అమ్మే అధికారం, డబ్బు తీసుకునే అధికారం ఇస్తున్నామా లేదా అన్నది విడివిడిగా తేల్చి రాయాలి. కౌలు చూసుకోవడానికి తమ్ముడికి అమ్మే హక్కు అక్కర్లేదు. నమ్మకం ఎంత ఉన్నా, ఖాస్ సరిపోయే చోట ఆమ్ ఇవ్వొద్దు.