మైక్రోవేవ్ సోకితే మాయమయ్యే నిరోధం

విద్యుత్ నిరోధం సున్నా అయిందంటే అతివాహకతే గుర్తొస్తుంది. అతివాహకత లేకుండా, మైక్రోవేవ్‌లతో కూడా అది సాధ్యమని తేలడానికి తొలి లెక్క తర్వాత ముప్పై ఏళ్లకు పైగా పట్టింది.

మొదటి అడుగు కాగితం మీదే పడింది. అయస్కాంత క్షేత్రంలో ఉన్న పలుచని ఎలక్ట్రాన్ పొరపై వికిరణం పడితే కరెంటు ఎదురు దిశలో కూడా పారవచ్చని 1970లో సోవియట్ శాస్త్రవేత్త విక్టర్ రిజీ లెక్కగట్టారు. దాన్ని పరీక్షించేంత శుద్ధమైన స్ఫటికం అప్పట్లో లేదు. 1978లో బెల్ ల్యాబ్స్‌లో డింగిల్, స్టోర్మర్ బృందం దారి తెరిచింది. డోపింగ్ కోసం కలిపే మాలిన్యాలను ఎలక్ట్రాన్లు తిరిగే పొరకు ఎడంగా ఉంచడమే ఆ పద్ధతి. దాంతో ఎలక్ట్రాన్లకు అడ్డంకులు తగ్గాయి.

అలాంటి గాలియం ఆర్సెనైడ్ పొరపై యూటా విశ్వవిద్యాలయంలో జుడోవ్, డు మైక్రోవేవ్‌లు ప్రసరింపజేశారు. క్షేత్రాన్ని మార్చేకొద్దీ నిరోధం అలలుగా లేచిపడింది. ఆ ఫలితం 2001లో అచ్చయింది. మరింత మేలైన స్ఫటికాలతో రమేశ్ మణి, స్మెట్, ఫాన్ క్లిట్జింగ్ తదితరులు 2002 డిసెంబరులో నేచర్ పత్రికలో అసలు వింతను ప్రకటించారు: ఆ అలల అడుగున నిరోధం కొలతకు అందనంతగా పడిపోతోంది. 2003 మొదట్లో జుడోవ్ బృందం కూడా అదే చూపింది.

అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్ వలయంగా తిరుగుతుంది. ఈ పదార్థంలో 0.1 టెస్లా దగ్గర దాని పౌనఃపున్యం సుమారు 42 గిగాహెర్ట్జ్. మైక్రోవేవ్ పౌనఃపున్యం దీనికి ఒకటింబావు రెట్లో, రెండుంబావు రెట్లో ఉన్నచోట నిరోధం కనిష్ఠం. కరెంటుకు అడ్డంగా కొలిచే హాల్ నిరోధం క్వాంటమ్ హాల్ ప్రభావంలోలా ఇక్కడ మెట్లు కట్టదు. మామూలుగానే క్షేత్రంతో పాటు పెరుగుతుంది.

కారణంపై వాదన సాగింది. వికిరణం ఎలక్ట్రాన్లను పక్కకు జరుపుతుందని ఒక సిద్ధాంతం, శక్తిస్థాయుల్లో వాటి పంపకాన్నే మారుస్తుందని మరొకటి. కరెంటును ఎదురు పారించే ఆ రుణ నిరోధం నిలవదనీ, పొర ఎదురెదురు ప్రవాహాల పాయలుగా చీలి సున్నా దగ్గర స్థిరపడుతుందనీ 2003లో ఆండ్రీవ్, అలైనర్, మిల్లిస్ వివరించారు. 2010లో జపాన్‌లో ద్రవ హీలియం ఉపరితలంపై తేలే ఎలక్ట్రాన్లలోనూ ఇలాంటిదే కనిపించింది. అయితే వికిరణపు వృత్తాకార ధ్రువణం ఎటు తిరిగినా కొన్ని ప్రయోగాల్లో ఫలితం దాదాపు ఒకటే రావడాన్ని ఈ సిద్ధాంతాలు సూటిగా వివరించలేకపోయాయి.

ఇక్కడ గెలిచింది స్ఫటికపు శుద్ధి. లెక్క దానికోసం ఎదురుచూసింది. మన కుర్రాళ్లు ఇంటర్ రెండో ఏడు చదివే ఆ వలయ చలనమే దీనికి పునాది. దాన్ని మార్కుల సూత్రంగా వదిలేయకుండా, ఈ చరిత్రతో కలిపి చెప్పమని అధ్యాపకులకు నా మనవి.