డ్రిల్లు చక్ కీ కథ

మొన్న గోడకు ఫొటో తగిలించాలంటే మనవడు బ్యాటరీ డ్రిల్లు పట్టుకొచ్చాడు. చక్‌ను చేత్తో తిప్పాడు, బిట్టు బిగిసింది. "తాతగారూ, మీ రోజుల్లో దీనికి కీ ఉండేదట కదా?" అని అడిగాడు. ఉండేది. ఆ కీ కథ ఈ సంచికలో చెప్పుకోవడం బాగుంటుందనిపించింది.

మన ప్రాంతంలో నౌపడ - పర్లాకిమిడి చిన్న రైలు 1900లో మొదలైంది. అప్పటికి మనమెరిగిన చక్ ఇంకా పుట్టలేదు. వడ్రంగికి తాడుతో తిప్పే బర్మా ఉండేది. ఇనుప పనిలో బిట్టును స్పానరుతో బిగించే పాత చక్‌లుండేవి. అమెరికాలో ఆర్థర్ జాకబ్స్ అనే ఆయన అలాంటి చక్‌తో వేళ్ల కణుపులు చెక్కుకుపోయి, విసిగి కొత్తది తయారుచేశాడని చెబుతారు. ఆయనకు 1902లో పేటెంటు వచ్చింది. మూడు దవడలు, వాటిని ముందుకూ వెనక్కూ నడిపే మరల నట్టు, పైన పళ్లున్న తొడుగు, ఆ పళ్లలో పడి తిరిగే చిన్న కీ. అంతే సరంజామా.

ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. నెల్లిమర్ల జూట్ మిల్లు, గరివిడి ఫెర్రో ఎల్లాయ్స్ వంటి చోట్ల పనిచేసిన ఫిట్టర్లకు ఈ కీ గురించి వేరే చెప్పనక్కరలేదు.

కీ లేని చక్ కూడా నిన్న మొన్నటిది కాదు. విజయనగరం - రాయపూర్ రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ మరుసటి ఏడే, 1932లో, జర్మనీలో ఆల్‌బ్రెక్ట్ సంస్థ మొదలై, చేత్తోనే బిగించే నాణ్యమైన చక్‌కు పేరు తెచ్చుకుంది. ఇందులో కిటుకు ఏమిటంటే, పని భారం పెరిగేకొద్దీ దవడలు తమంత తామే మరింత బిగుస్తాయి. సన్న బిట్లతో నిక్కచ్చిగా కన్నాలు వేసేవారికి, మాటిమాటికీ బిట్టు మార్చేవారికి అది వరం. కాని ఖరీదెక్కువ కావడంతో మామూలు షాపులకు అందేది కాదు. చేతి డ్రిల్లులకు కీ లేని చక్‌లు విరివిగా వచ్చింది చాలా కాలం తరువాతే.

అసలు సంగతి ప్రమాదం. నేను అప్రెంటిస్‌గా ఉన్న రోజుల్లో తోటి కుర్రవాడొకడు కీ తీయకుండా స్విచ్ వేశాడు. కీ రివ్వున ఎగిరి కిటికీ అద్దం పగలగొట్టింది. ఆ దారిలో ఎవరి ముఖమూ లేకపోవడం మా అదృష్టం. మేస్త్రి తిట్టలేదు. కీని తెచ్చి వాడి చేతిలో పెట్టి, "ఒరే నాయనా, కీ చక్‌లో ఉన్నంతసేపూ నీ చెయ్యి దాని మీదే ఉండాలి" అన్నాడు. నా సర్వీసంతా ఆ మాట నన్ను కాపాడింది. తరువాత స్ప్రింగు ఉన్న కీలు వచ్చాయి. చెయ్యి తీయగానే అవి బయటికి తన్నుకొస్తాయి.

అయితే ఏది కొనాలి? పనిని బట్టే. పెద్ద బిట్లు, దుమ్ము, మొరటు పని ఉన్నచోట కీ చక్ నమ్మకం. ధరా తక్కువే. కాని ఒక్క కన్నంలోనే కీ తిప్పి వదలకుండా మూడింటిలోనూ బిగించాలి. గంటకు పదిసార్లు బిట్టు మార్చే పనికి కీ లేనిది మేలు. అయితే దానిలో ఇనుప రజను చేరితే పట్టు సడలుతుంది. కొన్ని రకాలు వెనక్కు తిప్పితే వదులవుతాయి, కాబట్టి ట్యాపు వేసేటప్పుడు జాగ్రత్త. భారీ పని తరువాత ఒక్కొక్కసారి చేతికి లొంగనంతగా బిగుసుకుపోతాయి కూడా. ఇక సుమారు 13 మిల్లీమీటర్లు దాటిన టేపరు బిట్లకు ఈ రెండూ అక్కరలేదు. అవి నేరుగా స్పిండిల్‌లోనే కూర్చుంటాయి.

కీ లేదు కనుక ప్రమాదమూ లేదనుకోకూడదు. మనవడు బిట్టు మార్చేటప్పుడు వేలు స్విచ్ మీదే ఉంది. బ్యాటరీ తీసి పక్కన పెట్టి, అప్పుడు మార్చమన్నాను. ఐ.టి.ఐ. చదివే మనవలున్న సభ్యులు దయచేసి ఈ మాట వారికీ చెప్పండి.