అపార్టుమెంటుకూ ఆరోగ్య పరీక్ష అవసరం
• పెచ్చులూడితే ప్రమాద సూచికే
• ముందుచూపుతో నిధి ఉంటేనే భవనానికి భద్రత

ఫ్లాటు కొనేటప్పుడు తూర్పు వాకిలా, ఉత్తర వాకిలా అని చూసేవారు ఎందరో. పదిహేనేళ్ల తర్వాత ఆ భవనం పిల్లర్లు ఏ స్థితిలో ఉన్నాయో చూసేవారు కొందరే. పునాది, పిల్లర్లు, బీములు, డాబా, మెట్లు, లిఫ్టు, సంపు అందరికీ ఉమ్మడి ఆస్తి. వీటిని ఒక్కరే బాగు చేయించడం సాధ్యం కాదు. అందరి బాధ్యత చివరకు ఎవరి బాధ్యతా కాకుండా పోవడం వల్లనే ముప్పు ముంచుకొస్తోంది.

నిర్లక్ష్యానికి మూల్యం
అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం సర్ఫ్‌సైడ్ పట్టణంలో 1981లో నిర్మించిన 12 అంతస్తుల చాంప్లెయిన్ టవర్స్ సౌత్ భవనంలో చాలా భాగం 2021 జూన్ 24వ తేదీ తెల్లవారుజామున కుప్పకూలింది. 98 మంది మృత్యువాత పడ్డారు. ఈతకొలను పక్కనున్న స్లాబులోకి నీరు దిగి కాంక్రీటు దెబ్బతింటోందని 2018లోనే ఇంజినీరు నివేదిక ఇచ్చారు. భారీ మరమ్మతులు మొదలయ్యేలోపే ఘోరం జరిగిపోయింది. దీంతో 2022లో ఫ్లోరిడా ప్రభుత్వం చట్టం చేసింది. మూడు అంతస్తులు, అంతకు మించిన సముదాయాలకు 30 ఏళ్లు నిండగానే, తర్వాత పదేళ్లకోసారి తనిఖీ తప్పనిసరి చేసింది. మరమ్మతుల నిధిపైనా అధ్యయనం జరిపించాలని ఆదేశించింది.

మన దేశంలోనూ 2022 ఫిబ్రవరిలో గురుగ్రామ్‌లోని ఒక ఎత్తయిన సముదాయంలో స్లాబులు ఒకదానిపై ఒకటి కూలి ఇద్దరు మహిళలు మరణించారు. కాంక్రీటులో క్లోరైడ్ల కారణంగా ఇనుము తుప్పు పట్టినట్లు ఢిల్లీ ఐఐటీ నిపుణులు గుర్తించారు.

తుప్పుతోనే తంటా
కాంక్రీటు లోపలి చువ్వకు నీరు, గాలి తగిలితే తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులుగా ఊడిపోతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర పట్టణాల్లో ఉప్పుగాలి వల్ల ఈ బెడద అధికం. అందుకే ఐఎస్ 456 ప్రమాణం సాధారణ పరిస్థితుల్లో చువ్వలపై 20 మి.మీ. కవరు చాలంటుండగా, తీవ్ర పరిస్థితుల్లో 45 మి.మీ. ఉండాలని నిర్దేశించింది.

వీటిని గమనించాలి
* పిల్లర్లపై నిలువునా, బీములపై ఏటవాలుగా వచ్చే పగుళ్లు
* స్లాబు అడుగున తుప్పు మరకలు, బయటపడిన చువ్వలు
* నీళ్ల ట్యాంకు కింద, బాత్‌రూముల గోడలపై ఆరని చెమ్మ
* పిట్టగోడల సందుల్లో మొలిచిన రావి, మర్రి మొక్కలు
* సెల్లారులో నిలిచే నీరు

పగుళ్లకు సిమెంటు పూసి రంగు వేస్తే లోపం కనబడదే గాని తొలగిపోదు. అర్హత గల స్ట్రక్చరల్ ఇంజినీరుతో పరీక్ష చేయించాలి. రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలతో భవనాన్ని పగలగొట్టకుండానే కాంక్రీటు స్థితిని అంచనా వేస్తారు. తాజాగా చెక్కిన కాంక్రీటుపై ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లినప్పుడు గులాబీ రంగు వస్తే అక్కడ క్షారగుణం నిలిచి ఉన్నట్లు. రంగు రాకపోతే చువ్వకు రక్షణ తగ్గుతున్నట్లే. మహారాష్ట్ర సహకార గృహ సంఘాల నమూనా నియమావళి 15 నుంచి 30 ఏళ్ల భవనాలకు ఐదేళ్లకోసారి, ఆపై వయసున్న వాటికి మూడేళ్లకోసారి ఇటువంటి తనిఖీ ఉండాలంటోంది. మన సంఘాలు సైతం దీనిని తమ నియమావళిలో చేర్చుకోవచ్చు.

నెలకు కొంత.. నిధికి ఊతం
వాచ్‌మన్ జీతం, కరెంటు బిల్లులకు సరిపోయే నెలవారీ రుసుముతో పెద్ద మరమ్మతులు జరగవు. డాబా వాటర్‌ప్రూఫింగ్, బయటి రంగులు, పైపులు, లిఫ్టు, మోటార్లు ఒక్కొక్కటి ఎన్నేళ్లు మన్నుతాయో, మార్చడానికి ఎంతవుతుందో పట్టిక రాసుకోవాలి. ఉదాహరణకు 20 ఫ్లాట్ల సముదాయానికి పదేళ్లలో రూ.12 లక్షలు అవసరమని తేలితే, ఫ్లాటుకు నెలకు రూ.500 చొప్పున జమ చేస్తే సరిపోతుంది. ఏమీ కూడబెట్టకపోతే ఒక్కొక్కరు ఒకేసారి రూ.60 వేలు ఇవ్వాల్సి వస్తుంది. పింఛనుపై బతికే వృద్ధులకు అది మోయలేని భారం. ధరల పెరుగుదల దృష్ట్యా అంచనాను మూడేళ్లకోసారి సవరించాలి. ఈ నిధిని ప్రత్యేక ఖాతాలో ఉంచి, ఏటా సర్వసభ్య సమావేశంలో లెక్క చెప్పడం మేలు.

చట్టం ఏమంటోంది?
2016 నాటి రెరా చట్టం పరిధిలోని భవనాల్లో, స్వాధీనం చేసిన నాటినుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి ఫిర్యాదు చేస్తే, 30 రోజుల్లోగా బిల్డరు ఉచితంగా సరిచేయాలి. కాబట్టి నాలుగో ఏడాది ముగిసేలోపే సమగ్ర తనిఖీ చేయించి, లోపాలను లిఖితపూర్వకంగా తెలియజేయడం శ్రేయస్కరం. ప్లాన్లు, స్ట్రక్చరల్ డ్రాయింగులు, లిఫ్టు పత్రాలను సంఘం బిల్డరునుంచి తీసుకుని భద్రపరచాలి. రేపు మరమ్మతు చేసే ఇంజినీరుకు ఏ పిల్లరులో ఎన్ని చువ్వలున్నాయో చెప్పేది ఆ డ్రాయింగులే.