మోదుగ గింజ, నట్టల మందు: విశాఖ మీదుగా నడిచిన కథ

సెలవులకు ఊరెళ్లినప్పుడల్లా మనలో చాలామంది ఇళ్లల్లో ఒకటే గొడవ. గొర్రెలకి, మేకలకి పశువుల ఆసుపత్రి నట్టల మందే తాగించాలని మనం అంటాం. మోదుగ గింజలు నూరి పట్టిస్తే చాలని పెద్దోళ్లు అంటారు. చదువుకున్నోళ్లం కాబట్టి మన మాట నెగ్గుతుంది. దీన్ని సైన్సుకీ నాటు వైద్యానికీ మధ్య తగువులాగా చూడటం మనకి అలవాటైపోయింది. చరిత్ర చూస్తే ఆ రెండూ అంత విడివిడిగా నడవలేదు. అందులో ఒక మజిలీ మనం చదువుకుంటున్న ఈ విశాఖలోనే ఉంది.

ముందు శత్రువు సంగతి. గొర్రెల్ని ఎక్కువగా కుంగదీసేది హీమాంకస్ అనే నట్ట. నాలుగో పొట్టలో చేరి నెత్తురు తాగుతుంది. ఒక్క ఆడ నట్ట రోజుకి 5,000 నుంచి 10,000 గుడ్లు పెడుతుంది. అవి పెంటికలతో నేల మీద పడి, వాన తడికి పిల్లలై, గడ్డి మొదళ్ల దగ్గర కాచుకుని ఉంటాయి. గొర్రె ఆ గడ్డి మేసిందా, మళ్లీ మొదలు. కనురెప్ప లోపల తెల్లగా పాలిపోయినా, దవడ కింద నీరు దిగినా నెత్తురు పోతోందని అర్థం.

మోదుగ గింజలు నట్టలకి మందు అని 1868 నాటి 'ఫార్మకోపియా ఆఫ్ ఇండియా'లోనే ఎక్కింది. ఎడ్వర్డ్ వేరింగ్ సంపాదకత్వంలో వచ్చిన ఆ పుస్తకం మనుషుల వైద్యం కోసం. ఆ గింజ మనొక్కరి సొత్తే అని మేము అనడం లేదు, ఆయుర్వేదంలోనూ పలాశ బీజాలు ఉన్నాయి. కానీ అడవిలో ఏరి, నూరి, పశువుకి పట్టి చూసినోళ్ల పేర్లు ఇలాంటి పుస్తకాల్లో వెతికితే దొరకవు.

ఇప్పుడు విశాఖకి వద్దాం. 1933లో ఇక్కడ ఓడరేవు మొదలైంది. అదే ఏడాది టి.ఆర్. శేషాద్రి వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగానికి వచ్చారు. ఖరీదైన రసాయనాల కోసం చూడకుండా, చుట్టుపక్కల దొరికే మొక్కల్నే ఆ ల్యాబు పట్టుకుంది: కానుగ గింజలు, పత్తి పువ్వులు, ఏటిలో చేపల్ని మత్తెక్కించే మొక్కలు. 1940 ప్రాంతంలో మూర్తి, శేషాద్రి మోదుగ పువ్వుల్లోని పదార్థాల మీద పరిశోధన పత్రాలు వేశారు. గమనించండి, పువ్వు మీద. నట్టల్ని పడగొట్టే గింజ మీద కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి, విశ్వవిద్యాలయం గుంటూరుకి తరలింది. కొన్నేళ్లకి శేషాద్రి ఢిల్లీ వెళ్లిపోయారు.

గింజ గుట్టు బయటపడింది 1960ల్లో. కేరళలో రాజ్, కురుప్ అనే పరిశోధకులు అందులోంచి పలాసోనిన్ అనే పదార్థాన్ని వేరు చేశారు, నట్టల మీద పనిచేసేది అదేనన్నారు. దాని నిర్మాణాన్ని 1968లో తేల్చిన బొచిస్, ఫిషర్ ఎవరనుకున్నారు? అమెరికాలోని మెర్క్ కంపెనీ రసాయనవేత్తలు. 1961లో థయాబెండజోల్ అనే నట్టల మందు తెచ్చిన కంపెనీ అది. మన ఆసుపత్రుల్లో ఇచ్చే ఆల్బెండజోల్ ఆ కుటుంబంలోదే. 1981లో ఐవర్‌మెక్టిన్‌ని మార్కెట్లోకి తెచ్చిందీ ఆ కంపెనీయే. జపాన్‌లో కవానా అనే చోట సతోషి ఒమురా తీసిన మట్టిలోని సూక్ష్మజీవి దాని పుట్టుక. దానికి 2015లో ఒమురాకి, విలియం కాంప్‌బెల్‌కి నోబెల్ వచ్చింది. అంటే మనం 'ఇంగ్లీషు మందు' అంటున్నది మట్టిలోంచి వచ్చింది, 'ఆకు మందు' అంటున్న దాంట్లో ఉన్నదీ రసాయనమే.

అదీ మామూలు రసాయనం కాదు. ఒంటికి తగిలితే బొబ్బలు లేపే పురుగుల్లోని కాంథరిడిన్ అనే విషానికి పలాసోనిన్ దగ్గరి చుట్టం. మోదుగ గింజని నిమ్మరసంలో నూరి తామరకి పూస్తే చర్మం ఎర్రబడి మండేది ఊరికే కాదు. ఎలుకల మీద చేసిన పరీక్షల్లో ఈ గింజలకి గర్భం నిలవనీయని గుణమూ కనిపించింది. కాబట్టి 'సహజం కదా, ఏమీ చెయ్యదు' అంటూ వీడియోలు పెట్టేవాళ్లని నమ్మి గుప్పెళ్లు గుప్పెళ్లు పట్టకండి. ఆల్బెండజోల్ కూడా చూలు మొదటి నెలలో ఇవ్వకూడదు.

మరి కంపెనీ మందులు గెలిచాయా? 1940 ప్రాంతంలో ఫీనోథయజీన్ వచ్చింది, 1957కల్లా దానికి లొంగని నట్టలు అమెరికాలో కనిపించాయి. థయాబెండజోల్‌కి అయితే మూడేళ్లే పట్టింది, 1964. మన దేశంలో ఈ రెండు మందులకీ లొంగని హీమాంకస్ గురించి 1976లో పత్రం వచ్చింది. బరువు తూచకుండా కళ్లతో అంచనా వేసి తక్కువ పట్టడం, ఏటేటా అదే మందు, మంద మొత్తానికీ ఒకేసారి. ఇలా చేస్తే తట్టుకున్న నట్టలే మిగిలి పిల్లల్ని కంటాయి. రేపు మోదుగ గింజనైనా అలాగే వాడితే అదే గతి.

దక్షిణాఫ్రికాలో 1990ల్లో దీనికి ఒక దారి కనిపెట్టారు. కనురెప్ప తిప్పి రంగుల అట్టతో పోల్చి, పాలిపోయిన జీవాలకే మందు ఇస్తారు. ఫమాచా అంటారు. మందలో కొన్నింటిలోనే ఎక్కువ నట్టలుంటాయి కాబట్టి అది పనిచేస్తుంది. మంచు ఆరాక మేతకి వదలడం, మేకల్ని గడ్డికన్నా పొదల ఆకుకి తోలడం, మేసిన బీడుని కొన్నాళ్లు వదిలెయ్యడం కూడా ఇదే లెక్కలోకి వస్తాయి. ఇవి మన కాపరులకి ఎవరూ క్లాసులో చెప్పక్కర్లేదు.

1956లో విశాఖ కేంద్రంగా గిరిజన సహకార సంస్థ వచ్చింది. చింతపండు, తేనె, అడ్డాకులు, ముష్టి గింజలు సంతల్లో దాని కాటా ఎక్కాయి. మోతాదు మాత్రం ఏ కాటా ఎక్కలేదు. ఎంత బరువు జీవానికి ఎన్ని గింజలు, పొట్టు తీసా తియ్యకుండానా, ఏ నెలలో, ఎన్ని రోజులు, చూలు గొర్రెకి ఇస్తారా ఇవ్వరా. ఈసారి ఊరెళ్లినప్పుడు దిసారి దగ్గరో, మందలు కాసిన తాత దగ్గరో కూర్చుని ఇవి రాసుకురండి. చెప్పినాయన పేరు, ఊరి పేరు మొదటి లైన్లోనే ఉండాలి, అదీ ఆయన ఒప్పుకుంటేనే.