రంగూన్ జ్వరం, లెక్కకు అందని తేడా

రంగూన్ రేవులోనూ ధాన్యపు మిల్లుల్లోనూ కూలికి కుదిరిన తెలుగువారికి చలిజ్వరం కొత్తది కాదు. మన్యపు జ్వరమన్న పేరుతో దానిని ఇంటివద్దనే ఎరిగినవారు. బర్మాలో సైనిక వైద్యుడిగా పనిచేసి వచ్చిన రొనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాదులో దోమ కడుపులో దాని జాడ పట్టుకున్నాడు. మూలం తెలిసింది గాని, మందు మారలేదు. ప్రాణం మీదికి వచ్చిన మలేరియాకు మరో శతాబ్దం దాదాపు క్వినైనే దిక్కయింది.

1970లలో చైనా పరిశోధకులు ఆర్టెమిసినిన్‌ను వెలికితీశారు. దానినుంచి పుట్టిన ఆర్టెమెథర్‌ను బర్మా వైద్యులు క్వినైన్‌తో పోల్చి, ఆ ఫలితాలను 1987లో ప్రకటించారు. రంగూన్‌లో వైద్య పరిశోధనకంటూ ఒక సంస్థ వెలసి (1963) అప్పటికి పాతికేళ్లయినా నిండలేదు.

1996లో రెండు పెద్ద అధ్యయనాలు ఒకేసారి వెలువడ్డాయి. వియత్నాంలో 560 మంది పెద్దలలో ఆర్టెమెథర్ తీసుకున్నవారిలో 13 శాతం, క్వినైన్ తీసుకున్నవారిలో 17 శాతం మరణించారు. గాంబియాలో 576 మంది పిల్లలలో ఆ అంకెలు 20.5, 21.5. రెండింటా తేడా యాదృచ్ఛికం కావచ్చునని గణాంకాలు తేల్చాయి. ‘తేడా తేలలేదు’ అన్న మాట చూస్తుండగానే ‘తేడా లేదు’గా మారిపోయింది. వైద్యశాస్త్రంలో ఇంత ఖరీదైన వ్యాకరణ దోషం అరుదు.

కొందరు పాత అధ్యయనాలను మూసిపెట్టకుండా, ఒక్కొక్క రోగి వివరాన్నీ తెప్పించి కలిపి చూశారు. 2001లో ప్రకటించిన ఆ సంకలనంలో 1919 మంది ఉన్నారు. మరణాలు 14, 17 శాతం. తేడా అప్పటికీ రుజువు హద్దుకు ఇవతలే ఆగింది. అయితే ఏ అధ్యయనమూ దానిని తేల్చగలిగినంత పెద్దది కాదని స్పష్టమైంది. మరో లోపం మందు రూపంలోనే ఉంది. నూనెలో కలిపి కండరంలోకి ఎక్కించే ఆర్టెమెథర్, స్పృహ తప్పి రక్తప్రసరణ మందగించిన రోగి ఒంటికి ఎప్పుడు, ఎంత పడుతుందో చెప్పలేము. నీటిలో కరిగే ఆర్టెసునేట్ నేరుగా నరంలోకి వెళుతుంది.

తరువాతి అధ్యయనం ఈ రెండు పాఠాలమీదనే నిలిచింది. మయన్మార్, బంగ్లాదేశ్, ఇండోనేషియా, భారతదేశాలలో 1461 మందితో సాగిన ఆ ప్రయత్నాన్ని ఫలితం స్పష్టం కావడంతో పర్యవేక్షకులు మధ్యలోనే ఆపించారు. 2005లో అంకెలు ప్రకటించారు: ఆర్టెసునేట్‌తో మరణాలు 15 శాతం, క్వినైన్‌తో 22. ‘తేడా లేదు’ అని సరిపెట్టుకున్న ఏళ్లలో క్వినైన్ అందుకున్న రోగుల లెక్క మాత్రం ఏ పట్టికలోనూ లేదు.

అందులో పిల్లలు 202 మందే. మలేరియా ఎక్కువగా బలిగొనేది ఆఫ్రికా పిల్లలను. ఆసియా పెద్దల ఫలితాన్ని వారికి అప్పజెప్పి ఊరుకోవడమంటే 1996 నాటి తొందరపాటును తిరగేసి చేయడమే. అందువల్ల తొమ్మిది ఆఫ్రికా దేశాలలో 5425 మంది పిల్లలతో మళ్లీ మొదలుపెట్టారు. 2010లో ఫలితం వచ్చింది: 8.5 శాతం, 10.9 శాతం. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకూ ఆర్టెసునేట్‌నే మొదటి మందుగా సిఫారసు చేసింది.