నటుడి మీద విమర్శ: ఐరా ఆల్డ్రిడ్జ్ అనుభవం

నాటక పోటీల మీద పత్రికలకు రాయడం మొదలుపెట్టిన రోజుల్లో నేనొక నటుడి యాసను ఎగతాళి చేశాను. నాలుక తిరగని నాయకుడన్నాను. మిత్రులు నవ్వారు, నేను పొంగిపోయాను. మరుసటి ఏడు ఆ నటుడు పోటీలకు రాలేదు. నటుడు ఇలాంటి మాటల్ని ఎలా భరిస్తాడన్న ఆలోచన నాకప్పుడు రాలేదు. చాలాకాలానికి ఐరా ఆల్డ్రిడ్జ్ చరిత్ర చదివినప్పుడు వచ్చింది.

ఆల్డ్రిడ్జ్ 1807లో న్యూయార్క్‌లో పుట్టిన నల్లజాతి నటుడు. స్వదేశపు రంగస్థలం మీద చోటు దొరకదని గ్రహించి 1824లో ఇంగ్లండు చేరాడు. మరుసటి ఏడు లండన్‌లో నటిస్తే, ఆ పెదవుల ఆకారంతో ఇంగ్లీషు సరిగా పలకడం అసాధ్యమని టైమ్స్ పత్రిక తేల్చేసింది.

1833 మార్చిలో కోవెంట్ గార్డెన్ నాటకశాలలో ఒథెల్లో వేస్తూ ప్రసిద్ధ నటుడు ఎడ్మండ్ కీన్ కుప్పకూలాడు. ఏప్రిల్‌లో ఆ పాత్ర ఆల్డ్రిడ్జ్‌కు దక్కింది. మెచ్చుకున్నవారు లేకపోలేదు. కాని ఎథీనియం పత్రికకు అతని నటన కన్నా, ఎలెన్ ట్రీ అనే తెల్లనటిని నల్లవాడు తాకడమే పెద్ద విషయమైంది. మర్యాద పేరుతో అభ్యంతరం చెప్పింది. రెండు ప్రదర్శనలతోనే అతని ఒథెల్లో ఆగిపోయింది. దేశమంతా బానిసత్వ రద్దు వాదోపవాదాలతో ఉడుకుతున్న కాలమది. ఆ ఆగస్టులోనే రద్దు చట్టం వచ్చింది. ఆ సమీక్షల్ని ఆ చరిత్ర నుంచి విడదీసి చదవలేం.

ఆల్డ్రిడ్జ్ వేషం మానలేదు. దాదాపు 19 ఏళ్లు బ్రిటన్, ఐర్లండు పట్టణాల్లో తిరుగుతూ ఆడాడు. ముఖానికి తెల్లరంగు పూసుకుని షైలాక్, లియర్ వంటి పాత్రలూ పోషించాడు. 1852లో ఐరోపా యాత్రకు బయలుదేరాడు. ప్రష్యా రాజు స్వర్ణపతకమిచ్చాడు. 1858లో పీటర్స్‌బర్గ్‌లో అతను ఇంగ్లీషులో, తోటివారు జర్మన్‌లో సంభాషణలు చెబుతుంటే ప్రేక్షకులు బ్రహ్మరథం పట్టారు. ఉక్రెయిన్ కవి షెవ్‌చెంకో అతనికి మిత్రుడై బొమ్మ గీశాడు. ఇంగ్లీషు వచ్చినవారు పనికిరాదన్న గొంతు, ఇంగ్లీషు రానివారికి అర్థమైంది. 1867లో పోలండ్‌లోని వూజ్ నగరంలో, ఇంకా యాత్రలో ఉండగానే మరణించాడు.

1930లో లండన్‌లో ఒథెల్లో వేసిన పాల్ రాబ్సన్‌కు వాచికంలో శిక్షణనిచ్చింది ఆల్డ్రిడ్జ్ కూతురు అమాండాయే.

కఠిన విమర్శ ఉండవద్దని నేననను. అది లేకుండా ఏ నాటకరంగమూ ఎదగదు. నటన తప్పిన చోటు చూపిస్తే నటుడు కోపగించుకున్నా, మర్నాటి రిహార్సల్లో దిద్దుకుంటాడు. పుట్టుకను, ఒంటిరంగును, తల్లి నేర్పిన యాసను తప్పంటే ఏం దిద్దుకుంటాడు? శుద్ధమైన ఉచ్చారణ అనే కొలబద్దను ఏ వర్గం తయారు చేసిందో విమర్శకుడు ముందు తనను తాను ప్రశ్నించుకోవాలి.

ఆల్డ్రిడ్జ్ నిలిచాడు గనక అతని పేరు మనకు తెలుసు. నిలవలేక వెళ్లిపోయినవారి లెక్క ఎవరూ రాయలేదు. ఈమధ్య నా పాత సమీక్ష తీసి చదివాను. ఆ నటుడి అభినయం గురించి అందులో ఒక్క వాక్యం కూడా లేదు.