కుళ్ళాయి కథ: మన ట్రంకు పెట్టెల్లోని చరిత్ర

పండుగలు, పెళ్ళిళ్ళు దగ్గరపడే రోజుల్లో మన వేంపల్లె వీధుల్లో ఒక కేక వినబడుతుంటుంది. "పాత పట్టుచీరెలు కొంటాం, జరీ కొంటాం" అని. ఆ వచ్చినవాళ్ళకు గుడ్డతో పని లేదు. జరీని కాల్చి అందులోని వెండి తీసుకుంటారు. నేసినవాడి పనితనమూ, కట్టినవారి జ్ఞాపకమూ బూడిదలో పోతాయి. తూకానికి వచ్చిన డబ్బు మాత్రం ఇంట్లో నాలుగు రోజులు ఉంటుంది.

ఇది ఇతరులను తప్పుపట్టడానికి రాస్తున్న మాట కాదు. మా ఇంట్లోనూ ఇదే జరిగింది. మా పెద్దల ట్రంకు పెట్టెలో మూడు వస్తువులుండేవి. తాతగారి నల్ల షేర్వానీ, ఎర్రటి రూమీ టోపీ, అవ్వ నిఖా నాటి జరీ దుపట్టా. దుపట్టా తూకానికి పోయింది. షేర్వానీని చెదలు తిన్నాయి. టోపీ ఒక్కటే ఎవరికీ అక్కర్లేక మిగిలింది. మొన్న ఇంట్లో పిల్లవాడొకడు దాన్ని నెత్తిన పెట్టుకొని, "ఇది మన ఊరి టోపీనా, బయటి దేశం టోపీనా?" అని అడిగాడు. మాకు వెంటనే జవాబు దొరకలేదు. జవాబు వెదుక్కుంటూ పోతే కథ అయిదారు వందల ఏండ్లు వెనక్కు పోయింది. ఆ కథనే ఈ సంచికలో సోదర సోదరీమణుల ముందు పెడుతున్నాము.

ముందుగా రూమీ టోపీ సంగతి. 'రూమ్' అంటే మన పెద్దల మాటలో టర్కీ దేశం. అక్కడి సుల్తాను రెండవ మహమూద్ 1829లో, పాగా తీసేసి ఫెజ్ అనే ఈ ఎర్రటోపీ పెట్టుకోవాలని తన ఉద్యోగులకు చట్టం చేశాడు. మొరాకోలోని ఫెజ్ నగరం పేరే ఆ టోపీకి వచ్చింది. పాగా వదలడం మతానికి విరుద్ధమని ఆనాడు గొడవపడ్డవాళ్ళు ఉన్నారు. నూరేండ్లు తిరక్కుండానే, 1925లో, అదే టర్కీలో ముస్తఫా కెమాల్ ప్రభుత్వం ఆ టోపీ పెట్టుకోవడాన్ని నేరం చేసింది. అప్పటికది ముస్లిముల గుర్తు అయిపోయింది! పుట్టినచోట నిషేధమైనా మన దక్కనులో నిలబడింది. హైదరాబాదు నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫోటోల్లో ఆ టోపీ కనిపిస్తుంది. షేర్వానీతో కలిసి అది మన కడప, కర్నూలు ఇళ్ళల్లో పెళ్ళికొడుకుల నెత్తిమీదికి వచ్చింది. అంటే ఏ ఉడుపూ ఆకాశం నుండి ఊడిపడలేదు. ఒకనాటి కొత్త ఫ్యాషనే మరునాటి ఆచారం అవుతుంది.

అయితే మన సీమకు టోపీ రావడం ఇదే మొదటిసారి కాదు. అంతకు నాలుగైదు వందల ఏండ్ల ముందే ఒక టోపీ వచ్చి, మన నెత్తిమీదనే గాక మన పేర్లలో కూడా కూచుంది. అదే కుళ్ళాయి. పారసీకంలో టోపీని 'కులాహ్' అంటారు. అది తెలుగు నోట్లో పడి కుళ్ళాయి అయింది. కడపలో పనిచేసి, మన భాషకు ఎంతో సేవచేసిన సి.పి.బ్రౌన్ దొర 1852లో అచ్చువేసిన నిఘంటువులో ఈ మాట ఉంది. అంతకు చాలా ముందు, విజయనగరపు కొలువుకు పోయిన శ్రీనాథ మహాకవి అక్కడి పద్ధతి ప్రకారం తానూ కుళ్ళాయి పెట్టుకోవలసి వచ్చిందని చెప్పే చాటుపద్యం ఒకటి ఆయన పేర ప్రచారంలో ఉంది. ఆ కొలువులో కుళ్ళాయి లేకపోతే మర్యాద కాదన్నమాట.

ఆ నగరంలో ఉడుపులు ఎట్లుండేవో, పండుగ ఎట్లుండేదో చెప్పడానికి కళ్ళారా చూసినవాళ్ళ సాక్ష్యం ఉంది. హెరాత్ ఏలిన షారుఖ్ చక్రవర్తి పంపగా అబ్దుర్రజాక్ అనే రాయబారి 1443లో విజయనగరం వచ్చాడు. అప్పుడు ఏలుతున్నవాడు రెండవ దేవరాయలు. అబ్దుర్రజాక్ ఆ ఏడు మహానవమి ఉత్సవాన్ని చూశాడు. అలంకరించిన ఏనుగులు, అంతస్తులుగా కట్టిన మండపాలు, ఆటపాటలు అన్నీ మెచ్చుకుంటూ రాసుకున్నాడు. రాజు తొడిగిన పట్టు అంగీని ఆయన 'కబా' అన్నాడు. అది ఆయన దేశంలో కూడా వాడే మాట. దాన్నే మన తెలుగులో కబాయి అన్నారు. వేల మైళ్ళ దూరం నుండి సముద్రం దాటి వచ్చిన మనిషికి, రాయల ఒంటిమీద తనకు తెలిసిన ఉడుపే కనిపించింది!

ఇది రాయలు మతం మార్చుకోవడం కాదు, ఎవరికో తలవంచడమూ కాదు. ఆ కాలంలో ఈజిప్టు నుండి ఈరాన్ మీదుగా దక్కను దాకా కొలువుల్లో పెద్దరికానికి కబా, కులాహ్ గుర్తులు. ఈనాడు దేశదేశాల అధికారులు కోటు, టై కట్టుకొని కూచున్నట్టే అదీ. ఫిలిప్ వాగనర్ అనే అమెరికా చరిత్రకారుడు 1996లో ఈ విషయం మీద వివరంగా వ్యాసం రాశాడు. దేవరాయల కొలువులోనే అహ్మద్ ఖాన్ అనే ముస్లిం సేనాని 1439లో నగరంలో ఒక కట్టడం కట్టించాడు. రూపంలో అది మసీదు. అక్కడి కన్నడ శాసనంలో మాత్రం దాన్ని ధర్మశాల అని రాశారు. ఆ ధర్మం తన రాజుకు చెందాలని చెక్కించాడు. హంపి పోయినవారు దాన్ని చూడవచ్చు.

తర్వాత సుమారు 1520లో పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్ వచ్చాడు. శ్రీకృష్ణదేవరాయలు బంగారు పువ్వులు కుట్టిన తెల్లని బట్టలు కట్టి, జలతారు టోపీ పెట్టుకొని, చెప్పులు లేకుండా ఉన్నాడని రాశాడు. ఆయన వెనక వచ్చిన నూనిజ్ ఆ పొడుగు టోపీల పేరు కూడా తన చెవికి వినిపించినట్టు రాసుకున్నాడు. అది మన కుళ్ళాయే.

కాగితం మీది మాటను నమ్మనివారికి కంచు సాక్ష్యం ఉంది. తిరుమల గుడిలో చేతులు జోడించి నిలబడిన రాయలవారి విగ్రహాన్ని చూడండి. ఇరుపక్కలా తిరుమలదేవి, చిన్నాదేవి ఉంటారు. దేవుని ముందు కనుక రాయలు కబాయి తీసేసి ఒట్టి రొమ్ముతో ఉన్నాడు. కుళ్ళాయి మాత్రం నెత్తిన అట్లే ఉంది. లేపాక్షిలో 1530ల నాటి వీరభద్రాలయం పైకప్పు బొమ్మల్లోనూ అంతే. గుడి కట్టించిన విరుపణ్ణ, ఆయన తమ్ముడు వీరణ్ణ, పరివారమంతా పొడుగు కుళ్ళాయిలతో కనిపిస్తారు. పక్కనే ఆడవాళ్ళ చీరెలమీద గళ్ళు, చారలు, పువ్వులు ఎన్ని రకాలో! అవి ఈనాడూ చీరెల అంచుల్లోకి దిగుతూనే ఉన్నాయి.

1565లో రాక్షసి తంగడి యుద్ధంతో విజయనగరం పాడుబడింది. రాయల కుళ్ళాయి మటుకు పోలేదు. అది ఊళ్ళలోకి దిగింది. అనంతపురం జిల్లా నార్పల మండలం గూగూడులో మొహర్రంనాడు లక్షల జనం మొక్కే పీరు పేరేమిటి? కుళ్ళాయిస్వామి. జనం నోట కుళ్ళాయప్ప. టోపీ ఉన్న అప్ప అని ఆ పేరులోనే ఉంది. ముస్లిములు, హిందువులు కలిసి అక్కడ మొక్కుకుంటారు. అఫ్సర్ మొహమ్మద్ అనే మన తెలుగు రచయిత ఆ ఊరి పీర్ల పండుగ మీద ఇంగ్లీషులో రాసిన గ్రంథాన్ని 2013లో ఆక్స్‌ఫర్డు యూనివర్సిటీ ప్రెస్ అచ్చువేసింది. ఇక అనంతపురం, కడప పల్లెల్లో కుళ్ళాయప్ప, కుళ్ళాయమ్మ పేర్లు పెట్టుకున్న హిందూ ఇళ్ళకు లెక్కే లేదు. దస్తగిరి, మస్తానమ్మ, ఫకీరప్ప, హుసేనమ్మ, ఇవన్నీ ఆ మొక్కుల నుండి వచ్చిన పేర్లే. పారసీకపు టోపీ రాయల నెత్తినెక్కి, అక్కడ నుండి పీరుకు పేరై, చివరికి సేద్యగాడి బిడ్డకు పేరయింది. ఇంతకంటే మన సీమ చరిత్రకు వేరే గుర్తేమి కావాల?

పీర్ల పండుగ గూర్చి ఒక మాట. హిజ్రీ 61, అంటే క్రీ.శ. 680లో కర్బలాలో ఇమాం హుసేన్ అమరులైన దుఃఖదినం అది. పీర్లు ఎత్తడం, గుండం తొక్కడం వంటి ఆచారాల మీద మన పెద్దల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ చర్చ ఉలేమాలకు విడిచి, మేము చరిత్ర మాత్రమే చెబుతున్నాము. గాండ్ల ఇల్లు, కాపుల ఇల్లు అని లేకుండా మొక్కుకున్నవాళ్ళంతా పీరుకు దట్టీలు కట్టించేవాళ్ళు. దట్టి అంటే నడుముకు చుట్టే గుడ్డ. పట్టుదట్టీలు ఎన్ని పడితే ఆ పీరుకు అంత కళ. ఈ పండుగకు ఋతువు ఒక్కటే కాదు. చాంద్రమానపు ఏడు పదకొండు రోజులు తక్కువ గనుక సుమారు 33 ఏండ్లకు అన్ని ఋతువులూ తిరిగివస్తుంది. 1980లో నవంబరు చలిలో వచ్చిన పదోనాడు, 2025లో జూలైలో వచ్చింది. మన పక్కనే పాపఘ్ని ఒడ్డున గండి ఆంజనేయుని శ్రావణ శనివారాలు మాత్రం ప్రతి ఏడూ వానకాలంలోనే. కడప పెద్ద దర్గాలో అమీన్ పీర్ సాహెబ్ ఉరుసు, ఉగాదినాడు దేవుని కడప గుడికి బీబీ నాంచారి పుట్టింటివాళ్ళమని మన ముస్లిం కుటుంబాలు బియ్యం, బెల్లం తీసుకొనిపోవడం, ఇవన్నీ ఇక్కడివే. ఇన్ని పండుగలకు తొడుక్కోవడానికే ఆ ట్రంకు పెట్టెల్లోని గుడ్డలు పుట్టినాయి.

ఆనాటి వేషభాషలు తెలుసుకోవాలంటే ఏలూరు ప్రాంతంవాడైన జాఫర్ షరీఫ్ చెప్పినవి ఉన్నాయి. డాక్టరు హెర్క్లాట్స్ వాటిని ఇంగ్లీషులో 'ఖానూనె ఇస్లాం' పేర 1832లో లండన్‌లో అచ్చు వేయించాడు. దక్కను ముస్లిముల పుట్టుక నుండి చావు దాకా ఆచారాలు, మొహర్రం వేషాలు, ఉడుపులు, నగలు అందులో వివరంగా ఉన్నాయి. దాదాపు రెండువందల ఏండ్ల క్రితం తెలుగు గడ్డ మనిషి చేసిన పని అది.

గుడ్డలోనే ధర్మం ఎట్లా నేశారో చెప్పడానికి మష్రూ ఒక్కటి చాలు. మగవారు పట్టు తొడగరాదని మన కట్టడి. నేతగాళ్ళు ఉపాయం చేశారు. పడుగు పట్టు, పేక నూలు పెట్టి, పైకి పట్టు మెరిసేటట్టు, ఒంటికి నూలు తగిలేటట్టు నేశారు. మష్రూ అంటే షరీయతు ఒప్పినది అని అర్థం. మెరుపూ దక్కింది, మాటా దక్కింది. ఆ నూలు వెనక పత్తి ఏకిన చేతులున్నాయి. మన సీమలో ఆ పని చేసినవారు తెలుగు మాట్లాడే దూదేకుల సోదరులు. పండుగ మెరుపు చూసినప్పుడు ఆ చేతులను మరువరాదు.

ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపు నుండే జరగలేదు. జేబు, జరీ, పైజామా, రుమాలు, శాలువా, ఇవన్నీ అరబ్బీ పారసీకాల నుండి వచ్చిన మాటలు. రుమాలంటే మొగం తుడుచుకునే గుడ్డ. మన సీమ రైతు దాన్ని నెత్తికి చుట్టి తలపాగా చేసినాడు. శాలువా కప్పనిదే ఈనాడు పండితునికి సన్మానం కాదు. అటు మన ఇళ్ళల్లో చూడండి. దక్కను ముస్లిం పెండ్లికూతురి మెడలో నల్లపూసల లచ్ఛా పడుతుంది. చీరె కట్టు సరేసరి. ఎవరిది ఎవరికి అప్పో తేల్చాలంటే ఏ కరణమూ లెక్క వేయలేడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, ఈనాడు మన పిల్లలకు రెండువైపులా ఒత్తిడి ఉంది. నీ ఉడుపు ఈ నేలది కాదనేవాళ్ళు ఒకవైపు. నీ పేరు, నీ అవ్వ కట్టు సరైనవి కావనేవాళ్ళు ఇంకోవైపు. కుళ్ళాయప్ప అని పేరున్న పిల్లవాడు బడిలో నవ్వుతారని పేరు మార్చుకోవాలనుకుంటున్నాడు. వానికి తిరుమల విగ్రహం చూపించి, "నాయనా, నీ పేరు రాయల నెత్తిన ఉన్నది" అని చెప్పేవాళ్ళు కావాల. చెప్పాలంటే ముందు మనకు తెలియాల. తెలియాలంటే వస్తువు మిగలాల.

అందుచేత మన సంఘం పెద్దలకు, ముఖ్యంగా ఇంటి ఆడవారికి మూడు విన్నపాలు. ఒకటి, జరీ గుడ్డను తూకానికి వేసేముందు ఒక్కసారి ఆలోచించండి. అమ్మక తప్పకపోతే కనీసం ఫోటో తీసి, ఎవరిది, ఏ పెండ్లి నాటిది అని వెనక రాసిపెట్టండి. రెండు, దాచుకునేవారు ఉతికిన పాత నూలుగుడ్డలో చుట్టి, తేమా ఎండా తగలనిచోట ఉంచండి. కలరా ఉండలు జరీకి ఆనించవద్దు. ఏడాదికి రెండు మూడుసార్లు మడత మార్చండి. ఒకే మడతలో ఉంటే జరీ అక్కడే విరుగుతుంది. మూడు, వచ్చే వార్షికోత్సవంనాడు తలా ఒక పాత ఉడుపో, ఫోటోనో తెచ్చి ఒక బల్లమీద పెడదాము. పక్కింటి హిందూ సోదరులనూ తమవి తెమ్మని పిలుద్దాము. ఏది ఎవరిదో చీటీ లేకుండా చెప్పడం కష్టమవుతుంది. అదే మనకు కావలసిన పాఠం.

మా రూమీ టోపీని ఆ బల్లమీద మొదట మేమే పెడతాము. "ఇది మన ఊరి టోపీనా?" అని అడిగిన పిల్లవానికి అప్పుడు జవాబు చెబుతాము. వచ్చేటప్పుడు పైనుండే వచ్చింది నాయనా, ఇక్కడి చెమట పట్టింది గనుక ఇక మనదే.